రబ్బరు గొట్టం

ముప్ఫై ఎనిమిదేళ్ల బండి.
నాకంటే పద్నాలుగేళ్లు పెద్దది.
కాగితాల్లో నా ముందు ఆరు పేర్లు,
ఒక పేరు మీద టీ మరక.
చేపల ఫ్యాక్టరీలో రెండేళ్ల రాత్రి షిఫ్టులు
కవర్లో పెట్టి ఇచ్చాను.
అమ్మినవాడు నోట్లు లెక్కపెట్టుకుంటూనే అన్నాడు:
"మూడో గేరు కాస్త అలుగుతుంది, బతిమాలుకోవాలి."

మిచెల్స్ ప్లెయిన్‌లో మా వీధికి సముద్రం కనపడదు.
ఉప్పు మాత్రం వస్తుంది.
ఆగ్నేయపు గాలి ఇసుకను గుప్పిళ్లతో తెచ్చి
కిటికీ రబ్బర్ల కింద దాచుకుంటుంది.
తలుపు అడుగున వేలుపెట్టి నొక్కితే
రేకు బిస్కెట్టులా విరిగింది.
మా అక్క షమీలా వంగి చూసి
"కారు కొన్నావా, జల్లెడ కొన్నావా?" అంది.

అక్కకేం తెలుసు.
బానెట్ ఎత్తితే
పక్కకి పడుకున్న రెండు జంట కార్బ్యురేటర్లు,
గాలి తాగే నాలుగు నోళ్లు.
ఈ బుల్లి డబ్బాని పులిని చేసేవి అవే,
పిల్లిని చేసేవీ అవే.
మొదటిదానికి పెట్రోలెక్కువై దగ్గు,
నాలుగోదానికి గాలెక్కువై పొలమారడం.

నేనే బాగుచేద్దామని
ఒక ఆదివారమంతా జెట్లు మార్చాను.
కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.
సిగ్నల్ లైటుని మేం రోబో అంటాం.
ఆ రోబో దగ్గర ఆగిన బండి
పచ్చ పడ్డాకా ఆగే ఉంది,
మళ్లీ ఎర్ర పడ్డాకా ఆగే ఉంది.
వెనక మినీబస్సు డ్రైవరు
మా ముత్తాతల దాకా వెళ్లి అందర్నీ పలకరించి వచ్చాడు.

అప్పుడు తోసుకుంటూ వెళ్లాం, ఫాగ్మీ అంకుల్ గ్యారేజీకి.
ఒకప్పుడు ఈ చుట్టుపక్కల
రేసుకెళ్లే ప్రతి బండికీ ఆయనే శ్రుతి చేసేవాడట.
సైలెన్సర్లు లేని ఇంజిన్ల పక్కన నలభై ఏళ్లు నిలబడి
చెవులు రెండూ వాటికే ఇచ్చేశాడు.
నేను చెప్పిందేదీ వినపడలేదు.
బండిని చూశాడు, చాలింది.
మేకుకి వేలాడుతున్న మూరెడు రబ్బరు గొట్టం తీసి
నా చేతిలో పెట్టాడు.
"నువ్వు విను. నేను తిప్పుతా."

గొట్టం ఒక కొస చెవిలో,
రెండో కొస మొదటి నోటి దగ్గర:
కెటిల్ మరగబోయే ముందు గొణుగుడు.
రెండోది కూడా అదే.
మూడోది ఇంకాస్త పలచన.
నాలుగోది, పాల ప్యాకెట్టుకి సూదిబెజ్జం పడినట్టు,
ఉందా లేదా అన్నంత.

సరే, విన్నాను.
విన్నది వినపడని మనిషికి ఎలా చెప్పను?
వేళ్లు చూపించాను. తల అడ్డంగా ఊపాడు.
కాగితం మీద గీశాను. కళ్లజోడు లేదన్నాడు.
ఏమీ తోచక ఆయన చెయ్యి పట్టుకుని
మణికట్టు మీద ఊదాను:
మొదటి నోరు ఎంతో అంత.
తర్వాత నాలుగోది, సన్నగా.

ఒక్క క్షణం కదల్లేదు.
స్క్రూ పావు చుట్టు తిప్పి
మళ్లీ చెయ్యి చాపాడు.
ఊదాను.
ఇంకో వెంట్రుకవాసి. ఊదాను.
గ్రీజు వాసనా, లవంగాల వాసనా ఉన్న ఆ మణికట్టు మీద
గంటసేపు నా ఊపిరితో
నాలుగు గొంతులూ పలికించాను.
చివరికి ఏది మొదటిదో ఏది నాలుగోదో
నాకే తెలియలేదు.

అప్పుడాయన పెద్ద స్క్రూడ్రైవర్ తీసి
మొన ఇంజిన్‌కి ఆనించి
పిడి పళ్ల మధ్య కరిచిపట్టుకున్నాడు.
కళ్లు మూసుకున్నాడు.
ఎముక దారిన ఎంత వెళ్లిందో నాకు తెలీదు.
పిడి మాత్రం చాలాసేపు వదల్లేదు.
లోపల్నించి గలీమా ఆంటీ
భోజనానికి రమ్మని లైటు మూడుసార్లు ఆర్పి వెలిగించింది.

డబ్బులు తీసుకోలేదు. గొట్టమూ తీసుకోలేదు.

తీరం రోడ్డు మీద, ఇసుక దాటి,
నాలుగో గేరులో బండి ఏం చేసిందో
అక్కకి చెప్పలేదు. అమ్మకసలే చెప్పను.

మొన్న రాత్రి షిఫ్టులో
ఐసు మిషను పక్కన నిలబడి
మూడో వాల్వు గాలి తింటోందని చెప్పాను.
సూపర్‌వైజరు నవ్వి
నన్ను ట్రేల దగ్గరికి పొమ్మన్నాడు.
వెళ్లాను.
అక్కడికీ వినపడుతూనే ఉంది.